నాపరాతి నేల, నిండిన గుంత: చిన్న పట్టణాలు నేర్చుకోవలసిన పారిశుధ్య ప్రణాళిక

డోన్ నుంచి నంద్యాలకు పోయే రైలు మార్గంలో ఉన్న బేతంచెర్ల పేరు వినగానే తెలుగువారికి గుర్తొచ్చేది ఇళ్ళల్లో పరిచే నాపబండలే అయినా, గ్రామ పంచాయతీ స్థాయి నుంచి నగర పంచాయతీగా ఎదిగి, 2021 నవంబరులో వార్డు కౌన్సిలర్లను ఎన్నుకున్న కొత్త పట్టణంగా కూడా దాన్ని ఇప్పుడు చూడవలసి ఉంటుంది. నగర పంచాయతీ అంటే, 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం, పల్లె నుంచి పట్టణంగా మారుతున్న ప్రాంతాన్ని పాలించే స్థానిక సంస్థ. ఆ సవరణతో రాజ్యాంగంలో చేరిన పన్నెండో షెడ్యూలు పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 విషయాలను పేర్కొనగా, ప్రజారోగ్యం, పారిశుధ్యం వాటిలో ఉన్నాయి. అయితే బాధ్యత ఒక్క ఉత్తర్వుతో చేతికి వస్తుంది గాని, దాన్ని మోసే నేర్పు అలా రాదు. నిన్నటిదాకా వీధి దీపాలు, కుళాయిలు చూసుకున్న సిబ్బందే నేడు పట్టణమంతటి మురుగుకూ లెక్క కట్టి ప్రణాళిక వేయాలంటే, వారికి ఎవరో ఒకరు ఆ పని నేర్పక తప్పదు.

చిన్న పట్టణంలో పారిశుధ్యం అనగానే కమిషనర్ మొదలు శానిటరీ మేస్త్రి వరకు అందరి మనసులో మెదిలేవి చెత్తబండి, సైడు కాలువ, బ్లీచింగ్ పొడి. ఫిర్యాదులు వచ్చేవి కూడా వాటి మీదే. ఇంటి వెనుక, స్థలం లేనిచోట ఇంటి ముందు అరుగు కిందనే, బండ కప్పి ఉన్న గుంత మాత్రం పొంగేదాకా ఎవరికీ గుర్తు రాదు. భూగర్భ డ్రైనేజీ లేని పట్టణాల్లో మనుషుల మలమూత్రాలు చేరేది ఆ గుంతలోకే కాబట్టి, పారిశుధ్య ప్రణాళిక అన్నది అక్కడి నుంచే మొదలు కావాలి.

నియమం ప్రకారం కట్టిన సెప్టిక్ ట్యాంకుకు అడుగు, గోడలు నీరు కారకుండా గట్టిగా ఉంటాయి. లోపలికి వచ్చిన దానిలో బరువైన పదార్థం అడుగున బురదగా పేరుకుని, తేలికైనది పైన తెట్టుగా కట్టి, నడుమ తేరిన నీరు గొట్టం గుండా పక్కనున్న ఇంకుడు గుంతలోకి పోతుంది. రెండు మూడేళ్ళకోసారి ఆ బురదను తీయించకపోతే నీరు తేరే చోటు తగ్గిపోయి, మలం నేరుగా బయటికి కొట్టుకుపోవడం మొదలవుతుంది. రెండు గుంతల మరుగుదొడ్డి పద్ధతి వేరు: ఒక గుంత నిండగానే రెండోదానికి మళ్ళించి, మొదటిదాన్ని ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు కదపకుండా వదిలేస్తే లోపలి పదార్థం పొడిబారి ఎరువుగా మారుతుంది. వాడుకలో అన్నిటినీ సెప్టిక్ ట్యాంకు అనే అంటారు గాని, ఎన్నో ఇళ్ళలో నిజానికి ఉండేవి ఈ రెండూ కావు. అడుగు లేకుండా సిమెంటు వరలు దించిన ఒంటి గుంత, లేదా తిన్నగా సైడు కాలువలోకి వదిలిన గొట్టం. ఇంటి యజమానికే తన ఇంటి కింద ఏముందో తెలియని సందర్భాలు తక్కువేమీ కాదు. కట్టిన మేస్త్రికే తెలుసు.

బేతంచెర్లలో దీనికి నేల స్వభావం మరో చిక్కును జోడిస్తుంది. ఊరికి బతుకుతెరువైన నాపరాయి సున్నపురాయి జాతిది. నీటికి మెల్లగా కరిగి, పగుళ్ళ వెంట సందులుగా, ఆ సందులు కాలక్రమంలో సొరంగాలుగా మారడం ఆ రాతి గుణం. 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ తవ్వకాలు జరిపించిన బిల్లసర్గం గుహలు ఈ ఊరి సమీపంలోనే ఉన్నాయి, మూడు కిలోమీటర్లకు పైగా సాగే బెలూం గుహలు ఇదే నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి. రెండూ నీరు రాతిని తొలిచి చేసిన పనులే. ఇసుక కలిసిన మట్టిలో ఇంకే మురుగు నెమ్మదిగా దిగుతూ కొంతవరకు వడపోతకు లోనవుతుంది, కానీ పగుళ్ళున్న సున్నపురాతి మీద అడుగులేని గుంత పెడితే, అందులోని నీరు వడపోత లేకుండానే దూరం పోయి, మరో ఇంటి బోరులో తేలే ప్రమాదం ఉంటుంది. బండను పగలగొట్టి లోతుగా తవ్వడం ఖర్చుతో కూడిన పని కావడంతో, గుంత కొలతలు తగ్గించుకోవాలన్న ఆశ కూడా ఇలాంటి నేలలోనే ఎక్కువ.

అదే జిల్లాలో తూర్పుకు పోతే కథ తిరగబడుతుంది. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతపు నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బి, నీటిని దిగనివ్వదు. అక్కడ ఇంకుడు గుంత వానాకాలంలో ఇంకించడం మానేసి, మిగులు నీటిని కాలువలోకే తోస్తుంది. ఆ కాలువ పల్లమెటుంటే అటు పోతుంది కాబట్టి ఆళ్ళగడ్డలో వక్కిలేరుకు, నంద్యాలలో మద్దిలేరు, చామకాల్వలకు, చివరికి కుందూ నదికి ఆ బరువు చేరుతుంది. 1899 నుంచి మునిసిపాలిటీగా ఉండి, 2011 జనాభా లెక్కల నాటికే రెండు లక్షల మంది ఉన్న నంద్యాలకూ, నిన్నగాక మొన్న పట్టణమైన బేతంచెర్లకూ ఒకే నమూనా గుంతను, ఒకే నమూనా ప్రణాళికను పంపించడం పొరపాటని చెప్పడానికి ఇంతకుమించిన ఆధారం అక్కరలేదు. నేల ఏమిటో, నీరు ఎంత లోతులో ఉందో, బోరుకూ గుంతకూ ఎంత ఎడముందో చూడటం నేర్పని శిక్షణ శిక్షణే కాదు.

ప్రణాళికలు లేకపోవడం మన సమస్య కాదు, వాటిని వేసినవారు వేరొకరు కావడమే సమస్య. 2008లో వచ్చిన జాతీయ పట్టణ పారిశుధ్య విధానం ప్రతి నగరమూ తన పారిశుధ్య ప్రణాళికను తయారు చేసుకోవాలని చెప్పింది. ఆ పని ఎక్కువచోట్ల కన్సల్టెంట్ల చేతికి పోయింది, వారు రాసిచ్చిన అందమైన పుస్తకాలు బీరువాల్లో భద్రంగా ఉండిపోయాయి. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్ మరుగుదొడ్ల నిర్మాణాన్ని ఉద్యమంగా మార్చిన మాట నిజమే గాని, తొలి ఏళ్ళలో దాని కొలబద్ద కట్టిన దొడ్ల సంఖ్య. దొడ్డి కట్టాక గుంత, గుంత నిండాక ట్యాంకరు, ట్యాంకరు నిండాక దాన్ని ఒంపే చోటు అన్న వరుస గురించి ఆలోచన బలపడింది 2017 ఫిబ్రవరిలో కేంద్రం మానవ వ్యర్థాల నిర్వహణపై జాతీయ విధానాన్ని ప్రకటించాకే. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది తన విధానాన్ని, మునిసిపాలిటీలు పాటించవలసిన మార్గదర్శకాలను వెలువరించింది. తెలంగాణ విధానం 2018లో వచ్చింది. బహిరంగ మలవిసర్జన లేని పట్టణం అన్న గుర్తింపుకు పై మెట్టుగా 2018లో తెచ్చిన ధ్రువీకరణలో, గుంతల నుంచి తీసిన బురదను శుద్ధి చేస్తున్నారా లేదా అన్నది షరతుగా చేరింది. 2021 అక్టోబరు 1న మొదలైన స్వచ్ఛ భారత్ రెండో దశ, లక్ష లోపు జనాభా ఉన్న పట్టణాల వాడిన నీటి శుద్ధికి నిధులు కేటాయించడంతో, బేతంచెర్ల వంటి ఊళ్ళు కూడా ఆ లెక్కలోకి వచ్చాయి.

ఈ మార్పు వెనుక ఉన్న భావనకు ప్రపంచవ్యాప్తంగా వాడుకలో ఉన్న పేరు నగరవ్యాప్త సమ్మిళిత పారిశుధ్యం. పైపులైను ఉన్న కాలనీకి ఒక సేవ, లేని వాడకు మరొకటి అని కాకుండా, పట్టణంలో ఉండే ప్రతి ఒక్కరికీ, గుంత అయినా గొట్టమైనా, సురక్షితమైన సేవ అందించే బాధ్యత స్థానిక సంస్థదే అన్నది దీని సారం. సేవ అందరికీ సమానంగా అందుతోందా, మలం మనిషిని తాకకుండా శుద్ధి కేంద్రం దాకా చేరుతోందా, ఇదంతా పదేళ్ళ తరువాత కూడా నడిచేందుకు డబ్బు, నీరు, మనుషులు ఉన్నారా అని ఆ భావన మూడు ప్రశ్నలు వేస్తుంది. పని ఎవరిదో తేల్చడం, చేయకపోతే ఎవరిని అడగాలో తేల్చడం, వనరులు సమకూర్చడం అన్న మూడు విధులను పాలకులపై పెడుతుంది. ప్రపంచంలో దీన్ని తొలిగా పరీక్షించిన కొద్ది నగరాల్లో తెలుగునాట వరంగల్, నర్సాపురం ఉండటం తెలుగు పాఠకులకు అంతగా తెలియని విశేషం.

వరంగల్‌లో ఈ పనికి తోడు నిలిచింది 1956లో హైదరాబాదులో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా. ఆ సంస్థ సాయంతో గ్రేటర్ వరంగల్ మునిసిపల్ కార్పొరేషన్ మానవ వ్యర్థాల నిర్వహణకు 2016లో సొంత నిబంధనలు తెచ్చి, అంతవరకు ఎవరి అదుపూ లేకుండా తిరిగిన సెప్టిక్ ట్యాంకర్ల యజమానులను లైసెన్సు పరిధిలోకి తీసుకువచ్చింది. 2017లో అమ్మవారిపేట వద్ద రోజుకు 15 వేల లీటర్ల బురదను శుద్ధి చేసే కేంద్రం పని మొదలుపెట్టింది. ఇక్కడ గమనించవలసింది యంత్రాన్ని కాదు, వరుసను. ముందు ట్యాంకర్ల యజమానులతో, డ్రైవర్లతో కూర్చుని మాట్లాడటం, వారికి నిబంధనలు, రక్షణ పరికరాల వాడకం నేర్పడం, ఆ తరువాతనే కట్టడం. శుద్ధి కేంద్రం ముందు కట్టి, ట్యాంకరు అక్కడికి ఎందుకు రావడం లేదని తరువాత తల పట్టుకున్న పట్టణాల కంటే ఈ దారి తెలివైనది. గోదావరి ఒడ్డున, భూగర్భ జలం చేతికందే లోతులో ఉండే నర్సాపురం సమస్య వేరు. అక్కడ గుంత నిండటానికి ఇంటివారు అక్కరలేదు, నేలలోని నీరే నింపగలదు. ఒకే భావనను అంత వేర్వేరు ఊళ్ళలో అమలు చేయవలసి రావడమే శిక్షకులకు నిజమైన పాఠం అయి ఉంటుంది.

పారిశుధ్య ప్రణాళిక శిక్షణలో అభ్యాసకులు చేసే లెక్క ఒకటి దగ్గరగా చూడటం మంచిది. ఒక పట్టణంలో గుంతలున్న ఇళ్ళు పదివేలు అనుకుందాం. మూడేళ్ళకోసారి ప్రతి గుంతనూ ఖాళీ చేయాలంటే ఏడాదికి 3,333, ఏడాదిలో 300 పనిదినాలు అనుకుంటే రోజుకు పదకొండు గుంతలు. ట్యాంకరుకు మూడు నాలుగు వేల లీటర్లు పడితే శుద్ధి కేంద్రానికి రోజూ 33 నుంచి 44 వేల లీటర్లు రావాలి. ఒక ట్యాంకరు రోజుకు నాలుగు తడవలు తిరగగలిగితే కనీసం మూడు ట్యాంకర్లు కావాలి, ఒకటి షెడ్డులో పడితే నాలుగోది కావాలి. ఇప్పుడు అదే పట్టణంలో ట్యాంకరు డ్రైవర్లను అడిగితే రోజుకు రెండు గుంతలే ఖాళీ అవుతున్నాయని తేలిందనుకుందాం. మిగిలిన తొమ్మిదింటి బురద ఎక్కడికి పోతోంది? గుంతలోనే గట్టిపడుతోంది, లేదా కాలువలోకి కారుతోంది, లేదా నేలలోకి దిగి బోరులో కలుస్తోంది. ఈ లెక్కకు పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కరలేదు, అయిదో తరగతి భాగహారం చాలు. కానీ ఈ ప్రశ్నను ఎవరూ అడగకపోవడం వల్లనే పట్టణాలు తమ మురుగు గురించి ఇంత ధీమాగా ఉంటాయి.

ఇదే లెక్కను బొమ్మగా గీసే పద్ధతి కూడా ఉంది. పట్టణంలో పుట్టే మలంలో ఎంత భాగం గుంతలో నిలుస్తోంది, ఎంత ట్యాంకరెక్కుతోంది, ఎంత శుద్ధి అవుతోంది, ఎంత దారిలోనే వాగుపాలవుతోంది అన్నది ఎడమ నుంచి కుడికి పారే బాణాలుగా చూపించే ఆ చిత్రాన్ని మల ప్రవాహ చిత్రం అంటారు. కౌన్సిల్ సమావేశంలో ఇరవై పేజీల నివేదిక చదివే ఓపిక లేనివారికి కూడా, శుద్ధి కాకుండా పోయే భాగాన్ని చూపే ఎర్రబాణం ఎంత లావుగా ఉందో ఒక్క చూపులో అర్థమవుతుంది.

సమ్మిళితం అన్న మాటకు అసలు పరీక్ష వార్డులో తిరిగినప్పుడు ఎదురవుతుంది. ట్యాంకరు గొట్టం చేరగల దూరానికి ఒక హద్దు ఉంటుంది. పాత ఊరి సందులో, లారీ ఆగే రోడ్డుకు బాగా లోపల ఉన్న ఇంటికి యంత్రం రాదు, కాబట్టి అక్కడికి మనిషి వస్తాడు. అద్దె ఇంట్లో ఉండేవారు గుంత ఖాళీ చేయించే ఖర్చు తమది కాదంటారు, యజమాని వేరే ఊళ్ళో ఉంటాడు. పట్టా లేని స్థలంలో గుడిసె వేసుకున్నవారికి వ్యక్తిగత మరుగుదొడ్డి మంజూరు చేయడానికి కాగితాలు అడ్డం వస్తాయి. బండల గనుల్లో, పాలిష్ యూనిట్లలో పనిచేసే ఆడవారికి పనిచోట దొడ్డి ఉందా, ఉంటే తలుపుకు గడియ ఉందా, నెలసరి గుడ్డ పారవేయడానికి బుట్ట ఉందా అన్నవి ఏ సర్వే పత్రంలోనూ కనిపించవు. మోకాళ్ళు వంగని వృద్ధులకు నేలమట్టపు బేసిన్ ఉన్నా లేనట్టే. ట్రాన్స్‌జెండర్లు ఆడవారి వైపు పోవాలా, మగవారి వైపు పోవాలా అన్న సంకోచంతో బజారు మరుగుదొడ్డినే మానుకుంటారు. ఒడిశాలోని కటక్‌లో శుద్ధి కేంద్రం నిర్వహణనే ట్రాన్స్‌జెండర్ల స్వయం సహాయక సంఘానికి అప్పగించడం ఈ విషయంలో మన పట్టణాలు చూసి నేర్చుకోదగిన పని. మన దగ్గర పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ (మెప్మా) పొదుపు సంఘాల మహిళలు వాడవాడలో ఉన్నారు. ఏ ఇంట్లో ఎవరికి ఏ ఇబ్బందో మునిసిపల్ కార్యాలయం కంటే వారికి బాగా తెలుసు. శిక్షణ గదిలో వారికి కుర్చీ వేయకుండా సమ్మిళిత ప్రణాళిక అనడం సబబు కాదు.

ఆ కుర్చీల్లో ఒకటి పారిశుధ్య కార్మికుడిది కావాలి. మూసిన గుంతలో కుళ్ళే మలం నుంచి మీథేన్‌తో పాటు హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే ఆ వాయువు, మోతాదు పెరిగితే వాసన పట్టే శక్తినే చంపేస్తుంది గనుక, దిగిన మనిషి వాసన తగ్గిందనుకున్న క్షణమే అత్యంత ప్రమాదకరమైనది. అతన్ని కాపాడటానికి దిగిన రెండో మనిషీ, మూడో మనిషీ అలాగే పడిపోతారు. చేతితో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 నాటి చట్టం, రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు కాలువలోకి మనిషిని దించడాన్ని నిషేధించి, తొలి నేరానికే రెండేళ్ళ వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చని చెప్పింది. అలాంటి మరణాలకు 2014లో పది లక్షలుగా ఉన్న పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. కోలార్ బంగారు గనుల్లో తెలుగు పారిశుధ్య కార్మికుల కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారీ ఆందోళన్ ద్వారా సాగించిన పోరాటానికి 2016లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నారు. ఇంత జరిగాక కూడా గుంతలోకి మనిషి దిగుతున్నాడంటే, అది కార్మికుడి అజాగ్రత్త కాదు. ప్రణాళిక వేసినవారు ఆ సందుకు చిన్న యంత్రం కావాలని రాయకపోవడం.

డబ్బు విషయంలో మహారాష్ట్రలోని వాయి పట్టణం 2018లో మొదలుపెట్టిన పద్ధతిని శిక్షణ తరగతుల్లో తరచుగా చూపిస్తారు. అక్కడ గుంత పొంగినప్పుడు ఫోన్ చేయడం కాకుండా, మూడేళ్ళకోసారి ప్రతి ఇంటికీ వంతు ప్రకారం ట్యాంకరు వస్తుంది. ఇంటివారు ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వనక్కరలేదు, ఖర్చు పన్నులో కలిసి ఉంటుంది, గుత్తేదారుకు చేసిన పనిని బట్టి చెల్లింపు. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని తలపెట్టేవారు చెత్త పన్ను అనుభవాన్ని మరిచిపోకూడదు. 2021లో క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) కార్యక్రమంతో పాటు వచ్చిన ఆ రుసుము ఇంటింటా వ్యతిరేకత తెచ్చుకుని, 2024 అక్టోబరు 2న రద్దు ప్రకటనతో ముగిసింది. సేవ కళ్ళబడకముందే రసీదు పుస్తకం కనబడితే జనం ఒప్పుకోరన్నది దాని పాఠం. కాబట్టి తొలి విడత ట్యాంకర్లు తిరగడానికి నిధులు మరోచోట వెతకాలి. చిన్న పట్టణాలకు పదిహేనో ఆర్థిక సంఘం ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, పారిశుధ్యాలకే కేటాయించింది. ఎక్కడ ఏ నిధి దేనికి వాడవచ్చో కమిషనర్‌కూ, అకౌంటెంటుకూ ఒకే తరగతిలో చెప్పడం ఇందుకే అవసరం.

బేతంచెర్ల స్థాయి ఊరు ఒంటరిగా శుద్ధి కేంద్రం కట్టుకోవాలా, పొరుగు పట్టణంతో కలిసి కట్టుకోవాలా అన్నది కూడా లెక్కతో తేలవలసిన విషయమే. కలిస్తే నిర్వహణ ఖర్చు తగ్గుతుంది. దూరం పెరిగితే డీజిలు ఖర్చు భరించలేక ట్యాంకరు దారిపక్క వంకలోనే ఖాళీ అయ్యే అవకాశం పెరుగుతుంది. నాపరాయి తీసి వదిలేసిన గుంతలు చుట్టూ ఉన్న ప్రాంతంలో ఇలా దారిలోనే ఒంపేయాలన్న ఆశ మరీ ఎక్కువ. పగుళ్ళ రాతిలోని పాత గనిలోకి మలబురదను ఒంపడం ఊరి బోర్లలోకి ఒంపడంతో సమానమని ట్యాంకరు డ్రైవరుకు చెప్పడం కూడా ప్రణాళికలో భాగమే.

శిక్షణల మీద ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. జిల్లా కేంద్రంలోనో హైదరాబాదులోనో రెండు రోజులు కూర్చోబెట్టి, స్లైడ్లు చూపించి, సర్టిఫికెట్ ఇచ్చి పంపిస్తే, నేర్చుకున్న కమిషనర్ ఆర్నెల్లకు బదిలీ అయి పోతారు, ఫైలు మొదటికొస్తుంది. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో వార్డు సచివాలయాలు ఏర్పడి, పారిశుధ్యానికీ, సౌకర్యాలకూ, ప్రణాళికకూ వేర్వేరు కార్యదర్శులు ఉన్నప్పుడు, వార్డులోని గుంతల జాబితా వారి చేత తయారు చేయించి, దాన్నే పాఠ్యపుస్తకంగా వాడితే నేర్పు ఒక అధికారితో పోకుండా ఊళ్ళోనే మిగులుతుంది. కౌన్సిలర్లకు కూడా ఇది నేర్పాలి. రోడ్డుకు పెట్టినంత పట్టుదల ట్యాంకరుకు పెట్టమని అడగవలసింది వారినే.

ఇందులో ఇంటి యజమానుల వంతు పెద్దదేమీ కాదు. కొత్త ఇల్లు కట్టేటప్పుడు గుంతకు అడుగు వేయించి, మూతను టైల్స్ కింద పూడ్చివేయకుండా ట్యాంకరు గొట్టం చేరేలా తెరిచి ఉంచండి. మూడేళ్ళు దాటితే ఖాళీ చేయించండి, తీసుకుపోయే లారీ దాన్ని ఎక్కడ ఒంపుతుందో అడగండి, సమాధానం నమ్మదగినదిగా లేకపోతే వార్డు సచివాలయంలో చెప్పండి. ఎంత అవసరమైనా గుంతలోకి మనిషిని మాత్రం దించనివ్వకండి.